ఎలుగు చొంగ

భీమ్లా బిడ్డ పూలికి సంబంధం కుదిరిందన్న కబురు రాగానే తండా మొత్తం సంబరపడింది, ఒక్క భీమ్లా తప్ప. అతనికి గుండెల్లో రాయి పడింది. కల్లూరు అవతలి తండాలో ఉండే రూప్‌సింగ్ తన కొడుక్కి పూలిని అడిగాడు. పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇద్దరికీ నచ్చింది. ఇక మిగిలింది బెల్లం తినడం. వచ్చే సోమవారం వస్తున్నాం, మీ పెద్దల్ని కూర్చోబెట్టండి అని రూప్‌సింగ్ మనిషిని పంపాడు. ఆ మనిషి చెప్పాల్సింది చెప్పి, చెంబెడు నీళ్ళు తాగి పోయాడు. భీమ్లా మాత్రం చేతిలో పలుపు పట్టుకుని, దూడను కట్టేయడం మరిచిపోయి అట్లాగే నిలబడ్డాడు.

బెల్లం తినడానికి భయమేమిటని మీరు అనుకోవచ్చు. అక్కడికే వస్తున్నాను, కొంచెం ఓపిక పట్టండి. లంబాడీ తండాల్లో పిల్లనిస్తాం, తీసుకుంటాం అని ఎన్ని మాటలైనా అనుకోవచ్చు, పెద్దల ముందు బెల్లం తినందే అది మాట కాదు. భీమ్లా వాళ్ళ తండాలో ఆ పద్ధతి ఇంకాస్త గట్టిది. ఒకే బెల్లం ముద్ద ఉంటుంది. ముందు పిల్ల తండ్రి కొరకాలి. అదే ముద్దను పిల్లాడి తండ్రి కొరకాలి. మిగిలింది చిదిపి పెద్దలంతా నోట్లో వేసుకోవాలి. తండ్రి బతికుండగా అతని బదులు అన్నో తమ్ముడో కొరకడానికి లేదు. అట్లా చేస్తే బతికున్న మనిషిని చచ్చినవాళ్ళ లెక్కలో కలిపినట్టు.

మరి భీమ్లా నలుగురి ముందు ముద్ద నోట్లో పెట్టి పన్నెండేళ్ళు దాటింది.

ముందునుంచీ అట్లాంటివాడు కాదు. తల్లాడ దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ తండా. ఓ పక్క మిరప చేలు, జొన్న చేలు, ఇంకో పక్క తునికి చెట్లు, ఇప్ప చెట్లు. ఆ రోజుల్లో ఎవరింట పెళ్ళయినా, ఏ దేవతకు మేకను కోసినా భీమ్లా లేనిదే పంక్తి కూర్చునేది కాదు. తినడంలో మొనగాడు. తింటూ తినిపిస్తూ, పక్కవాడి ముందున్న మూలుగ ఎముకను మాటల్లో పెట్టి కొట్టేస్తూ, కూర్చున్నంతసేపూ నవ్విస్తూ ఉండేవాడు. తండాలో మగవాళ్ళు నలుగురు నలుగురు ఒక పెద్ద కంచం చుట్టూ కూర్చుని తింటారు. భీమ్లా ఉన్న కంచం దగ్గర చోటుకోసం తోసుకునేవాళ్ళు.

డెబ్భైనాలుగో సంవత్సరం ఎండాకాలం మొదట్లో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తెల్లవారుజామున అడవికి పోయాడు. తోడు బొజ్జయ్య ఉన్నాడు. పక్క గూడెం కోయవాడు, భీమ్లాకు ప్రాణమిత్రుడు. ఇప్పపువ్వు మనుషులకెంత ఇష్టమో ఎలుగుబంటికీ అంతే ఇష్టం. వంగి పువ్వు ఏరుకుంటున్న భీమ్లాకు చెట్టు అవతల అదీ వంగి తింటోందని తెలియలేదు. దానికీ తెలియలేదు పాపం. ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు. ఒక్క దెబ్బ కొట్టింది. ఎడమ చెంప చెవి కింది నుంచి పెదవి మూల దాకా చీలిపోయింది. బొజ్జయ్య గొడ్డలి తిప్పుతూ కేకలు పెడుతూ మీదికి ఉరికితే అది అడవిలోకి పోయింది. అప్పటికే కిందపడ్డ భీమ్లా ముఖమంతా దాని చొంగే.

బొజ్జయ్య దుప్పటి జోలె కట్టి మోసుకొస్తే, తల్లాడలో ఆరెంపీ డాక్టరు పగిడయ్య కుట్లు వేశాడు. మంచి చెయ్యే. గాయం చీము పట్టలేదు, కుట్లు తెగలేదు. చెంప మీద పెద్ద మచ్చ పడి మానింది. ఒకే ఒక్క చోట, చెంప నడిమధ్యన, జొన్నగింజంత బొక్క మిగిలింది. అదీ మానుతుందిలే అనుకున్నారు.

మానలేదు. ఆ ఏడాది ఆషాఢంలో సీత్లా తల్లికి మేకను కోసి పంక్తిలో కూర్చున్నప్పుడు తెలిసింది అసలు సంగతి. కూర వాసన తగలగానే ఆ బొక్కలోంచి నీళ్ళు ఊరడం మొదలుపెట్టాయి. ముద్ద నోట్లో పెట్టగానే గడ్డం మీదికి కారి, టపటపా కంచంలో పడ్డాయి. నలుగురు తినే కంచం. చేతులు ఆగిపోయాయి. తండా నాయక్ హరిలాల్ అప్పటికే ముసలివాడు, ఎవరికీ కీడు తలపెట్టే మనిషి కాదు. చూసి, నిదానంగా అన్నాడు.

"ఎలుగు నాకిన మొఖం గదరా. దాని చొంగ లోపట్నే ఉండిపోయింది. తిండి జూస్తే దానికి ఆకలైతది. మన కంచంల పడనియ్యొద్దు, మంచిది గాదు."

అంతే. ఎవరూ భీమ్లాను లేవమనలేదు, తిట్టలేదు. తర్వాతి పండక్కి అతని వాటా విడిగా మోదుగాకు విస్తట్లో వచ్చింది. ఒక్క మాటన్నా అని ఉంటే భీమ్లా తిరిగి పది అనేవాడు. మాట లేకుండా విస్తరి వచ్చేసరికి తల కొట్టేసినట్టయింది. ఆ విస్తరి పట్టుకుని ఇంటి వెనక్కి పోయాడు. ఆనాటి నుంచి అక్కడే తిన్నాడు.

ఇంటి వెనక పశువుల కొట్టం ఉంది, దానికో మట్టిగోడ. భార్య ద్వాలి అక్కడ కంచం పెట్టేది. భీమ్లా గోడ దిక్కు ముఖం పెట్టి కూర్చునేవాడు. ఎడమ చేత్తో తుండుగుడ్డ చెంపకు అదిమి పట్టుకుని కుడి చేత్తో తినేవాడు. పిల్లల్ని అటు రానిచ్చేవాడు కాదు. ఏది తింటే ఎక్కువ కారుతుందో నెమ్మదిగా తెలిసింది. పులుపు తగిలితే ధార. పుల్లటిది చూసినా ధార. అందుకని చింతపండు మానేశాడు, మామిడికాయ మానేశాడు, మాంసం మానేశాడు. ఎండు రొట్టె నీళ్ళలో ముంచుకుని గబగబా మింగి లేచేవాడు. అంత మొనగాడు అట్లా తింటున్నాడంటే ఏం చెప్పాలి చెప్పండి! పెళ్ళిళ్ళకు పోడు, పోయినా పొలం పనుందని తిండివేళకు మాయమయ్యేవాడు. బొజ్జయ్య కబురు పెట్టి పెట్టి విసిగిపోయాడు. సంత హోటల్లో చాయ్ కూడా తాగడు. మాటా తగ్గింది. నవ్వితే చెంప కదులుతుంది, చెంప కదిలితే అది కారుతుంది.

అన్నిటికన్నా దారుణమేమిటంటే, భీమ్లా కూడా దాన్ని నమ్మాడు. తనలో ఎలుగుబంటి ఉండిపోయిందనే అనుకున్నాడు. ఆకలైతే, ఈ ఆకలి నాదా దానిదా అని సందేహం. కోపమొస్తే భయం. అప్పటికి ఆరేళ్ళ పిల్ల పూలి, ఒళ్ళోకి ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టి దూరంగా నెట్టేవాడు. ఆ తర్వాత ఒక్క ముద్దు పెట్టుకోలేదు. చొంగ ఒక్క చుక్క బిడ్డ మీద పడితే ఏమవుతుందో అని వణుకు. తన చెంపలోనే తాను బందీ అయిన మనిషి. ఎటు పోదామన్నా ఆ చెంప కూడా వస్తుంది కదా!

అందుకే సోమవారం అన్న మాట వినగానే పలుపు చేతిలోనే ఉండిపోయింది. బెల్లం తియ్యన, నోరూరక మానదు. రూప్‌సింగ్ ముందు, ఉభయ తండాల పెద్దల ముందు, కొరికిన ముద్ద మీద ఆ చుక్క పడుతుంది. ఆ ముద్దను రూప్‌సింగ్ కొరకాలి. కొరకడు. లేచి పోతాడు. పూలి సంబంధం తండ్రి చెంప వల్ల చెడిపోయిందని చుట్టుపక్కల తండాలన్నీ చెప్పుకుంటాయి. ఆ తర్వాత ఇంకెవరొస్తారు?

నాయక్ దగ్గరికి పోయి అడిగాడు. "నా తమ్ముడు కొరుకుతడు కాకా. నేను జరమొచ్చి పండుకున్ననని చెప్పున్రి."

హరిలాల్ తల అడ్డంగా ఊపాడు. "జరం తగ్గినంకనే తిందామంటరు. ఎన్ని దినాలు పండుకుంటవ్‌రా? తండ్రివి, నువ్వే కొరకాలె."

"కారుతది గదా కాకా!"

"అవ్, కారుతది," అన్నాడు ముసలాయన. ఆయనకూ బాధగానే ఉంది. 

ఇంటికొస్తే ద్వాలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "భద్రాచలంల దవాఖానా ఉంది, డాక్టరమ్మ మంచిదట. కాళ్ళు లేవా, కండ్లు లేవా? ఇన్నేండ్లల్ల ఒక్క డాక్టరుకు సూపెట్టుకుంటివా? పో!"

నిజమే, చూపించుకోలేదు. నొప్పి లేదు కదా. ఎలుగుబంటి సంగతి డాక్టర్లకేం తెలుస్తుందనుకున్నాడు. ఇప్పుడు వేరే దారి లేక బయల్దేరాడు.

బస్సులో నరకం చూశాడు. మే నెల, ఇసుక వేస్తే రాలనంత జనం. కొత్తగూడెం దాటాక ఒక ఆడమనిషి ఎక్కి, పచ్చి మామిడికాయ కోసి ఉప్పూ కారం అద్ది పిల్లలకు పంచిపెట్టింది, సరిగ్గా భీమ్లా ముక్కు కింద. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముక్కు మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఒకటి కమ్మీకి, ఒకటి చెంపకి. తుండుగుడ్డ తడిసింది, మోచెయ్యి దాకా తడిసింది. పక్కనున్నతను జరుగుదామంటే చోటు లేక, "ఏందన్నా గిట్ల కారుతంది?" అని అడిగాడు. "పుండు" అన్నాడు భీమ్లా. దిగిపోదామంటే తలుపు దాకా పోయే సందు లేదు. భద్రాచలం చేరేదాకా ఆ మామిడికాయ అయిపోలేదు.

దవాఖానాలో డాక్టరమ్మ కృష్ణా జిల్లా మనిషి. గొంతు పెద్దది, మనసు మంచిది. తుండుగుడ్డ తీయించి చెంప చూసి, ఎప్పటిదని అడిగి, విని నోరు తెరిచింది.

"పన్నెండేళ్ళా! ఏమయ్యా, పన్నెండేళ్ళు దీన్ని మోసుకు తిరిగావా? నోరు తెరువు."

నిమ్మచెక్క ఒకటి తెప్పించి నాలుక మీద పిండింది. భీమ్లా పై ప్రాణాలు పైనే పోయాయి. చెంప మీద ధార కట్టింది. డాక్టరమ్మ మాత్రం వాన చూసిన రైతులా సంతోషపడింది.

"ఎంత చక్కగా వస్తోందో చూడు! గ్రంథి మంచిగానే ఉందన్నమాట."

"ఎలుగు చొంగమ్మా," అన్నాడు భీమ్లా తల వంచుకుని. "దాన్ని తియ్యున్రి. సోమారం నా బిడ్డకు బెల్లం తినుడుంది."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మళ్ళీ మళ్ళీ అడిగి సంగతంతా తెలుసుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాడు, నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. బయట రోగులు బారులు తీరి ఉన్నా, ఆవిడకు చెప్పడం మొదలుపెడితే ఆపే అలవాటు లేదు.

"మేకను కోశావా ఎప్పుడైనా?"

"శానా కోసిన."

"అయితే నీకు సగం వచ్చు. మన ఒళ్ళంతా లోపలా బయటా పొరలే. చిన్న చిన్న కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, మధ్యలో సందు లేకుండా పరుచుకుంటాయి. పైన చర్మం ఉంది చూడు, అది వరసల మీద వరసలు, మీ ఇంటికప్పు మీది గడ్డిలాగా. పై వరసలు ఎండి చచ్చి రాలుతుంటాయి, కింద నుంచి కొత్తవి వస్తుంటాయి. అందుకే ఎండకూ వానకూ ఓర్చుకుంటుంది. నోట్లోనూ వరసలే, కానీ అక్కడ ఎండిన పొర ఉండదు, ఎప్పుడూ తడిగా ఉంటుంది. మరి మేక పేగు తిరగేసి కడిగినప్పుడు జారుతుంది కదా?"

"అవ్, జిగటుంటది."

"అక్కడ ఒకటే వరస. నిలువుగా పొడుగ్గా ఉండే కణాలు. జిగురు పోస్తాయి, తిన్నదాని సారం పీలుస్తాయి. వరసల మీద వరసలుంటే పీల్చలేవు కదా. ఊపిరితిత్తుల్లో ఇంకా పలచన, చదునుగా ఒకే ఒక్క పొర, గాలి దాటిపోయేటంత. గొంతు కింది గాలిగొట్టంలో అయితే ఆ కణాలకు సన్నటి నూగు ఉంటుంది, దుమ్మును పైకి ఊడ్చేస్తుంటుంది. మిరపకాయల కల్లంలో దగ్గి ఉమ్ముతావే, అది ఆ ఊడ్చిన చెత్తే. మూత్రం తిత్తిలో పొర నిండితే సాగుతుంది, ఖాళీ అయితే దగ్గరికొస్తుంది. ఎక్కడి పనికి తగ్గట్టు అక్కడ."

భీమ్లా తల ఊపాడు. పేగు దాకా అర్థమైంది. తర్వాతది ఆవిడ మర్యాద కోసం విన్నాడు.

"ఇక గ్రంథులంటే వేరే ఏమీ కాదు. ఈ పొరే లోపలికి గుంటపడి, సంచిలా తయారవుతుంది. సంచి అడుగున ఉన్న కణాలు నీళ్ళు ఊరుస్తాయి, సన్నటి కాలవలోంచి అవి పైకొస్తాయి. చెమట అట్లాగే, కన్నీళ్ళట్లాగే, తల్లిపాలట్లాగే. కాలవ లేనివీ ఉన్నాయి, అవి ఊరించింది నేరుగా రక్తంలో కలిపేస్తాయి. అదిగో ఆ బల్ల మీద కూర్చున్నావిడ గొంతు దగ్గర గడ్డ చూశావా, అది కాలవ లేని గ్రంథే, వాచింది. మరి నీ చెవి ముందర, ఇక్కడ, ద్రాక్షగుత్తిలాంటి గ్రంథి ఉంది. ఉమ్మి అక్కడ ఊరుతుంది. దాని కాలవ చెంపలోంచి వచ్చి పైపళ్ళ పక్కన నోట్లో తెరుచుకుంటుంది. కుడివైపు నాలుకతో తడిమి చూడు, చిన్న బుడిపె తగులుతుంది. తగిలిందా? ఎడమవైపు కాలవను ఎలుగుబంటి తెంపేసింది. నీళ్ళు ఊరడం మానవు కదా, దొరికిన దారిన బయటికొచ్చాయి."

"మరి మానలేదేందమ్మా? గంత పెద్ద గాయం మానె."

"ఇదీ మానిందయ్యా, అదే గొడవ!" డాక్టరమ్మ తొడ చరిచింది. "పొర గుణం ఏమిటంటే, ఖాళీ కనిపిస్తే పాకి కప్పేస్తుంది. మంచి దారీ చెడ్డ దారీ దానికి తెలియదు. నీళ్ళు పారుతున్నాయి కాబట్టి బొక్క పూడలేదు. పూడకపోయేసరికి పైనుంచి చర్మం లోపలికి పాకింది, లోపలి నుంచి కాలవ పొర బయటికి పాకింది. రెండూ కలిశాయి. ఇప్పుడది బొక్క కాదు, గోడలు కట్టుకున్న కాలవ. ఇక దానంతటది ఏనాటికీ మూసుకోదు."

 భీమ్లా తనకు కావలసిన ఒక్క మాటా అడిగాడు.

"అయితే ఇది ఎలుగుది గాదా?"

"నీదే. నీ ఉమ్మే. నీ నోట్లోది నీ చెంప మీదికొస్తోంది, అంతే."

 పన్నెండేళ్ళ నుంచి తన ఉమ్మికి తానే భయపడ్డాడా? భీమ్లాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు. డాక్టరమ్మ నర్సును పిలిచి నీళ్ళిమ్మంది.

కానీ సోమవారం సంగతి? దీనికి ఆపరేషన్ ఉంది. లోపలివైపుకి కొత్త దారి చేసి, అందులో సన్నటి దారం వదిలిపెడతారు. ఆ దారం చుట్టూ పొర పాకి నోట్లోకి కాలవ కడుతుంది, అప్పుడు బయటి బొక్క కోసి కుట్టేస్తారు. అది చేసే పెద్ద డాక్టరు వానలు పడ్డాక గాని రాడు. వచ్చాక వారాల తరబడి దవాఖానాలో ఉండాలి. ఆ ఆపరేషన్ తర్వాత అయింది, బాగానే అయింది, అది వేరే ముచ్చట. ఆ రోజు మాత్రం భీమ్లా ఎట్లా పోయాడో అట్లాగే, అదే చెంపతో తిరిగొచ్చాడు.

ఇంటికి రాగానే ద్వాలికి చెప్పాడు. "అది ఎలుగుది గాదటనే. నా ఉమ్మేనట." ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. వాకిలి అలుకుతున్నదల్లా తలెత్తి, "మంచిది. కాళ్ళు కడుక్కో, రొట్టెలున్నయ్," అంది. భీమ్లాకు ఒళ్ళు మండింది. ఇంత పెద్ద మాట చెబితే రొట్టెలంటుందేమిటి ఈ మనిషి! రొట్టెలు తీసుకుని మళ్ళీ గోడ దగ్గరికే పోయాడు. ఉమ్మి అని తెలిసింది సరే, కాళ్ళు మాత్రం అటే నడిచాయి.

సోమవారం పొద్దెక్కకముందే రూప్‌సింగ్ తన పెద్దలతో వచ్చాడు. బక్కపలుచని మనిషి, మాట మెత్తన. నాయక్ ఇంటి ముందు పందిరి కింద గొంగళ్ళు పరిచారు. మగవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్ళు ముసుగులు దించుకుని వెనక నిలబడి పాట ఎత్తుకున్నారు. పూలి నాయక్ ఇంట్లోనే ఉంది, బయటికి రాకూడదు. తలుపు సందులోంచి చూస్తోందని భీమ్లాకు తెలుసు. ఇత్తడి పళ్ళెంలో బెల్లం ముద్ద తెచ్చి అతని ముందు పెట్టారు.

దాన్ని చూడగానే మొదలైంది. ముట్టుకోనే లేదు, చెంప తడిసింది. తుండుగుడ్డ అదిమాడు. చుట్టూ మనుషులు, వెనక మనుషులు, లేచిపోదామంటే సందు లేదు. ముందున్న నాయక్ కళ్ళు దించుకున్నాడు.

దాచిపెట్టి కొరికితే మోసమవుతుంది. భీమ్లా మోసగాడు కాదు. తుండుగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, ముఖం అందరికీ చూపించాడు.

"బావా," అన్నాడు రూప్‌సింగ్‌తో, "నీకు జెప్పకుండ కొరకను. నా చెంపకు బొక్కుంది, తినేటప్పుడు కారుతది. మా తండోళ్ళు ఎలుగు చొంగ అంటరు. నేను గూడ గట్లనే అనుకున్న. గని భద్రాచలం డాక్టరమ్మ చూసింది. గది నా ఉమ్మేనట. కాలువ తెగి బయటికొస్తందట."

పాట ఆగిపోయింది. రూప్‌సింగ్ తన పెద్దల వైపు చూశాడు, వాళ్ళు హరిలాల్ వైపు చూశారు.

"డాక్టరమ్మకు ఎలుగు సంగతేమెరుక?" అని గొణిగాడు హరిలాల్. గొణిగినా అందరికీ వినిపించింది.

రూప్‌సింగ్ ముఖం వాడింది. "నువ్వు మంచోనివి బావా, దాయకుండ జెప్పినవ్," అన్నాడు. "పిల్ల గూడ బంగారం. గని నా ఇంట్ల పసిపిల్లలున్నరు. నీ ఎంగిలి తిని ఇంటికి పోతే, రేపు ఎవలికన్న ఏమన్న అయితే?" ఆ మాట అనడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు, పాపం. తలపాగా సర్దుకుని, లేవడానికి నేల మీద చెయ్యి ఆనించాడు.

అయిపోయింది అనుకున్నాడు భీమ్లా. తలుపు వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"కూసో అన్నా!"

ఆడవాళ్ళ గుంపులోంచి వచ్చిందా మాట. పంచాయితీలో ఆడది నోరెత్తడమేమిటని అందరూ తిరిగారు. ద్వాలి మగవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని పందిరి నడుమకొచ్చింది. ముసుగు కూడా సరిగా లాక్కోలేదు.

"ఏమన్న అయితే అంటున్నవ్. ఏమైతది? ఈయన ఎంగిలి నేను పన్నెండేండ్ల సంది తింటున్న. రోజు తింటున్న. మా తండాల మొగుడు తిన్న కంచంలనే పెండ్లాం తింటది, మీ దిక్కు గట్లనే గదా? చెంప కారిందని మాకు పద్ధతి లేదా? ఈయన సగం తిని లేస్తే అదే కంచంల రొట్టె పెట్టుకుని తిన్న. అండ్లనే కలుపుకుని పూలికి పెట్టిన, దాని తమ్మునికి పెట్టిన. చూడు నన్ను! నాకేమన్న బొచ్చు మొలిచిందా? నా పిల్లలకు గోర్లు పెరిగినయా? కాకా, నువ్వు జూడు! గా పిల్లనే గదా మీరు బంగారమంటున్నది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది తలుపు వెనక నుంచే, పూలి. ఆ నవ్వుతో బిగుసుకున్న పందిరి వదులైంది. హరిలాల్ ద్వాలిని కిందికీ పైకీ చూశాడు. "తప్పయింది బిడ్డా," అన్నాడు.

రూప్‌సింగ్ ఆనించిన చెయ్యి తీసి సరిగా కూర్చున్నాడు. "కొరుకు బావా," అన్నాడు.

భీమ్లా కొరికాడు. కారింది. బెల్లం మీద పడింది. తుడవబోతే రూప్‌సింగ్ ముద్ద లాక్కున్నాడు. అందరూ చూస్తుండగా, ఆ తడిసిన వైపే కొరికి నమిలాడు. "మంచి బెల్లం," అన్నాడు నోటినిండా పెట్టుకుని. పెద్దలందరూ చేతులు చాచారు, హరిలాల్ ముందు చాచాడు. ఆడవాళ్ళు పాట మళ్ళీ ఎత్తుకున్నారు, ఈసారి గట్టిగా.

భీమ్లాకు మాత్రం ఏమీ వినిపించలేదు. ద్వాలినే చూస్తున్నాడు. తాను వదిలేసింది కుక్కకు వేస్తుందని, కంచం బూడిదతో తోమి విడిగా పెడుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఆవిడ స్థానంలో తానుంటే అదే చేసేవాడు కాబట్టి, తప్పు పట్టలేదు కూడా.

చుట్టాలంతా బండ్లెక్కి పోయాక ఇంటి వెనక ఆవిణ్ణి పట్టుకున్నాడు. సంతోషం కాదు, కోపమొచ్చింది. నిజంగా కోపమే.

"ఇన్నేండ్లు నాకెందుకు జెప్పలేవే? నేను ఒక్కన్నే అనుకుంట సచ్చిన గదనే ఈ గోడకాడ!"

ద్వాలి పేడ తట్ట దించి, చేతులు నడుము మీద పెట్టుకుంది.

"ఏం జెప్పాలె? నేను నీ ఎనకనే కూసుండేదాన్ని, నువ్వు ఎప్పుడు లేస్తవా అని. నువ్వేమో కంచం ఆడ్నే ఇడ్సి, మొఖం దాసుకుని అటు దిక్కుకెల్లి పోతుంటివి. ఒక్కనాడన్న మల్లి సూసినవా?"

చూడలేదు. నిజంగానే, ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.